గాలిమర పిన్ను: పన్నెండు రోజుల బాగుచేత డైరీ

మొదటి రోజు, శనివారం రాత్రి

చిన్న రేకు డబ్బాలో దూది పరచి పంపాడు బాబాయి. మూత మీద ఆయన చేతిరాతతో "ఓడ సామాను" అని ఉంది. లోపల ఉన్నది మాత్రం ఒక్కటే వస్తువు: 1986లో ఆయన పనిచేసే ఓడ రోటర్‌డామ్ రేవులో ఆగినప్పుడు కొనుక్కున్న ఎనామిల్ పిన్ను. నీలం, తెలుపు రంగుల్లో గాలిమర. ఎత్తు 32 మిల్లీమీటర్లు. ముందు నాలుగు రెక్కలు, ఈ కొస నుంచి ఎదుటి కొసకు 24 మిల్లీమీటర్లు. ఒకప్పుడు పక్క నుంచి ఊదితే గిర్రున తిరిగేవి.

ఇప్పుడు తిరగవు. ఎందుకు తిరగవో బాబాయికి తెలియదు, నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో ఉండగా బీరువా మీద నుంచి దాన్ని తీయబోయి కింద పడేశాను. రెక్కల వెనక ఉండే గాలిమర మేడ అడుగున నీలం పెచ్చు ఊడింది, రెక్కలు లొడలొడలాడాయి. ఇంట్లో ఉన్న తక్షణ జిగురు ఒక చుక్క తీసుకుని ఇరుసు దగ్గర వేశాను. లొడలొడ పోయింది. తిరగడమూ పోయింది. "సముద్రపు గాలికి బిగుసుకుపోయినట్టుంది" అన్నాడాయన. నేను కాదనలేదు. బందరులో ఏ వస్తువు చెడినా ఆ నేరం సముద్రం మీదకు తోసేయవచ్చు.

వచ్చే నెల మొదట్లో ఆయన మనవరాలి పెళ్ళి. రిసెప్షన్‌కు పాత నీలం కోటు వేసుకుంటాడట, దానికి ఈ పిన్ను పెట్టుకుంటాడట. "నీకు ఇలాంటి పనులంటే సరదా కదరా, తిరిగేటట్టు చేసి పెట్టు" అని ఫోను చేశాడు. గడువు పన్నెండు రోజులు.

ముట్టుకునే ముందు ముందూ వెనకా ఫోటోలు తీశాను. భూతద్దం కింద కనిపించింది ఇది: ఇరుసు చుట్టూ పాలిపోయిన జిగురు మడుగు. మేడ అడుగున మూడు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పున రంగు ఊడిన చోటు, అందులో ఇత్తడి కనిపిస్తోంది, అంచుల్లో కొద్దిగా కిలుము. వెనక సూది గట్టిగానే ఉంది. దానికి బిగించే బిళ్ల పట్టు వదిలేసింది.

తరువాత పరీక్షలు. అయస్కాంతం దేనికీ అతుక్కోలేదు, కాబట్టి ఇనుము కాదు. మేడ అచ్చు కొట్టిన ఇత్తడి రేకు. రెక్కల లోహం ఏమిటో ఇంకా తేలలేదు, పైన బంగారు రంగు పూత ఉంది.

ఇక ఎనామిల్. అసలు ఎనామిల్ అంటే గాజు. లోహం మీద గాజు పొడి పరచి, సుమారు 750 నుంచి 850 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. మన నగల మీద మీనా పని అదే. కానీ ఎనామిల్ పిన్ను అనే పేరుతో అమ్మేవాటిలో చాలావాటిలో గాజు ఉండదు. లోహపు గట్ల మధ్య పల్లాల్లో రెసిన్ రంగు నింపి, పొయ్యిలో గట్టిపరుస్తారు. రంగు గట్ల కంటే పల్లంగా ఉండిపోతే సాఫ్ట్ ఎనామిల్ అంటారు. రంగునూ గట్లనూ కలిపి సమానంగా సానపడితే హార్డ్ ఎనామిల్. కళ్ళు మూసుకుని వేలి కొసతో తడిమినా తేడా తెలుస్తుంది. ఇది తడిమితే గతుకులు గతుకులుగా ఉంది. పెచ్చు ఊడిన అంచున సూది మొన ఆనించి నొక్కాను, దిగబడింది. గాజయితే జారేది. దూది పుల్లను గోళ్ళ రంగు తుడిచే అసిటోన్‌లో ముంచి అదే అంచున ఒక్క క్షణం ఉంచి తీస్తే పుల్ల కొస నీలమైంది.

ఇక్కడ పడింది పీటముడి. తక్షణ జిగురును కరిగించేది అసిటోన్. ఈ రంగును కరిగించేదీ అసిటోనే. జిగురు ఉన్నది సరిగ్గా రంగు మీద.

రెండో రోజు, ఆదివారం

అసిటోన్ సీసా అలమరలో పెట్టి తాళం వేశాను. మనసు మారుతుందేమోనని.

తక్షణ జిగురుకు రెండు బలహీనతలు ఉన్నాయి. వేడి తగిలితే మెత్తబడుతుంది, నీళ్ళలో చాలాసేపు నానితే పట్టు సడలుతుంది. చెయ్యి కాలనంత వేడి నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి పిన్నును ముంచాను. చల్లారిన కొద్దీ నీళ్ళు మార్చాను. గంటన్నర తరువాత జిగురు మడుగు అంచులు తెల్లగా పైకి లేచాయి. వెదురు పుల్ల కొసతో గీకితే పొరలు పొరలుగా వచ్చింది. ఇనుప సూదికి పని చెప్పలేదు, రంగు మీద గీత పడుతుంది. వెదురు రంగు కంటే మెత్తన, నానిన జిగురు కంటే గట్టి. ఈ పనికి అంతకంటే మంచి పనిముట్టు డబ్బు పెట్టినా దొరకదు.

పైన కనిపించేది పోయింది. రెక్కలకూ మేడకూ నడుమ ఉన్నది మిగిలింది. అక్కడ పుల్ల దూరదు. గిలకలదిండి నుంచి ఎప్పుడో తెచ్చిన వల దారం ముక్క గుర్తొచ్చింది, సన్నని నైలాన్ పోగు. దాన్ని రెక్కల వెనక్కి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని రంపం లాగినట్టు ఇటూ అటూ లాగాను. నాలుగైదు నిమిషాలకు తెల్లటి పొడి రాలింది. ఒక రెక్క కాస్త కదిలింది.

అక్కడ ఆపి మళ్ళీ నానబెట్టి ఉంటే ఈ డైరీ ఇంకో నాలుగు రోజులు తగ్గేది. నేను ఆ కదిలిన రెక్కను బొటనవేలితో చిన్నగా నొక్కాను. టిక్ మని శబ్దం. రెక్క ఇరుసుకు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో విరిగి నీళ్ళ గిన్నెలో పడింది.

ముప్పై ఏళ్ళ కిందట ఒకసారి, ఇవాళ ఒకసారి. రెండుసార్లూ ఇదే చెయ్యి.

విరిగిన చోటు చూశాక లోహమేమిటో తెలిసింది. బూడిద రంగు, పంచదార పలుకులు అంటించినట్టు గరుకు, మధ్యలో గుండుసూది తలలో సగమంత బుడగ. పోత పోసిన జింకు మిశ్రమం. కరిగిన లోహాన్ని ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించేటప్పుడు గాలి చిక్కుకుంటే ఇలాంటి బుడగలు మిగిలిపోతాయి. బయటకు కనిపించవు, ఏదో ఒకరోజు సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఇత్తడయితే వంగి ఊరుకునేది.

మిగిలిన జిగురు సాయంత్రానికి వదిలింది. రెక్కల చక్రం ఇప్పుడు మూడు రెక్కలతో స్వేచ్ఛగా, లొడలొడలాడుతూ తిరుగుతోంది.

మూడో రోజు

డబ్బా తెరవలేదు.

నాలుగో రోజు, మంగళవారం

చిలకలపూడి వెళ్ళాను. బందరు వాడినై ఉండి ఇత్తడి, పూత, అతుకు అనే మాటలు వచ్చిన మొదటి రోజే అక్కడికి వెళ్ళకపోవడం నా అహంకారం. రోల్డ్‌గోల్డ్ నగల ఊరు అది. తెలుగు దేశంలో ఏ జాతరలో గాజులు, గొలుసులు కొన్నా వాటిలో కొన్నయినా అక్కడ పుట్టి ఉంటాయి.

వెళ్ళేటప్పుడు వలందపాలెం పేరు చూసి నవ్వొచ్చింది. వలంద అంటే హాలెండే. పదిహేడో శతాబ్దం మొదట్లోనే డచ్చి వర్తకులు బందరులో దిగి కలంకారీ అద్దకాల బట్టలు ఓడలకెత్తారు. వాళ్ళు పోయారు, పాలెం పేరు మిగిలింది. వాళ్ళ దేశపు గాలిమర ఒకటి విరిగిన రెక్కతో నా జేబులో ఉంది, బాగుచేయించడానికి వాళ్ళ పాలెం మీదుగా తీసుకెళ్తున్నాను.

ఆచారి గారు నాన్నకు పరిచయస్తులు. అచ్చు కొట్టే పని మానేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు అతుకులు, పూతలు మాత్రమే చూస్తారు. కంటికి అద్దం బిగించి విరిగిన ముక్కను ఇటూ అటూ తిప్పారు. "టంకం పడుతుందా?" అని అడిగాను.

"పోత సరుకండి ఇది. నా మంట చూపిస్తే అతుకు పడే లోపల ముద్దయి కూర్చుంటుంది."

నిజమే. ఈ జింకు మిశ్రమం 385 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఆయన నగలకు వాడే గట్టి టంకానికి కావలసిన వేడి అంతకు దాదాపు రెట్టింపు. రేడియోలు బాగుచేసేవాళ్ళ సీసం టంకం 190 లోపే కరుగుతుంది కదా అన్నాను. జింకు మీద అది సరిగా పట్టదని, పట్టించడానికి వాడే ఘాటు మందు పూతను తినేస్తుందని చెప్పారు. వాదించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

ఆయన చెప్పిన దారి సులువైనదే: అంచుకు అంచు అతికించి వదిలేస్తే నిలవదు, వెనక నుంచి పలుచని ఇత్తడి రేకు కట్టు వేసి ఎపాక్సీ జిగురుతో పట్టించాలి. ఎముక విరిగితే బద్ద కట్టినట్టు. మిల్లీమీటరులో పదో వంతు మందం రేకు ముక్క ఒకటి, ఇరుసుకు 1.2 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ జానెడు ఇచ్చారు. తీగను కాల్చి మెత్తబరచుకుని కొట్టమన్నారు. నేను లేస్తుంటే ఇంకో మాట అన్నారు: "అతుకు ఆరాక రెక్కల్ని ముందు సూది మీద పెట్టి తిప్పి చూడండి. ఆ తరువాతే మేకు కొట్టండి."

తల ఊపాను. వినలేదని తొమ్మిదో రోజు తెలుస్తుంది.

డబ్బు తీసుకోలేదు. ఊరికే రావడం బాగుండదని ముందు గదిలో ఒక జత జుంకాలు కొన్నాను. అకారణంగా జుంకాలు తెచ్చినందుకు ఇంట్లో అనుమానంగా చూశారు.

ఐదో రోజు

ముందుగా పాత మేకు తీయాలి. తొలిస్తే కదిలి రంగు పెచ్చులు లేవవచ్చు. వెనక వైపు చదును చేసిన తలను సన్నని ఆకురాయితో రాస్తూ రేకుతో సమానం చేసి, సూది మొనతో వెనక నుంచి నెట్టాను. మేకు, రెక్కలు, నడుమ ఉన్న చిన్న ఇత్తడి వాషరు విడివడ్డాయి. వాషరును వెంటనే సీసాలో వేసి మూత పెట్టాను. అలాంటిది నేల మీద పడితే ఇక దొరకదు.

నిజమైన గాలిమర రెక్క నడి దూలానికి రెండు వైపులా ఒకేలా ఉండదు. గాలిని చీల్చుకుపోయే వైపు సన్నని పలక, వెనక వైపు వెడల్పాటి జాలీ చట్రం. ఆ చట్రం మీద గుడ్డ పరుస్తారు. ఈ పిన్ను చేసిన వాడెవరో గానీ బొటనవేలి గోరంత చోటులో ఆ తేడా చూపించాడు. దానివల్ల నాకు తోచిన దారి ఒక్కటే: కట్టు వెడల్పు వైపే వేయాలి, ఇటు పలక వైపు రేకుకు చోటు లేదు.

రేకును ఆరు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పున కత్తిరించాను. రెక్క వెనక భాగాన్ని, రేకును 400 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేసి స్పిరిటుతో తుడిచాను. ముందు వైపు పూత ముట్టుకోలేదు. పిల్లల బంకమట్టి పలక మీద రెక్కల్ని బోర్లా పెట్టి, విరిగిన ముక్కను పలుకుకు పలుకు కలిసేలా కూర్చాను. విరిగిన లోహంలో ఒక మంచి గుణం ఉంది. గరుకు ముఖాలు సరైన చోట కలిస్తే టక్కున కూర్చుంటాయి, ఎక్కడో తెలియకుండా ఉండదు.

ఎపాక్సీ రెండు ట్యూబులూ సమంగా పిండి, పుల్లతో రెండు నిమిషాలు కలిపాను. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం కాదు, రోజంతా పట్టే రకం. ఆ రెండో రకమే గట్టిగా నిలుస్తుందని నా అనుభవం. పైగా సర్దుకోవడానికి సమయం ఇస్తుంది. బుడగ ఉన్న గుంటలోకి సూదితో కొంచెం ఎక్కించి, రేకు పరచి నొక్కి, మీద బోర్లించిన గ్లాసు మూసి వదిలేశాను. గ్లాసు దుమ్ముకు కాదు, పిల్లికి.

ఆరు, ఏడు రోజులు

రంగు. అన్నిటికంటే సులువనుకున్నది దీన్నే.

మొదట మిగిలిన ఎపాక్సీలో నీలం పొడి కలిపి తెల్ల ప్లాస్టిక్ చెంచా మీద చుక్క పెట్టాను. తెల్లారేసరికి చుక్క ఆకుపచ్చ వైపు తిరిగింది. ఎపాక్సీకి తనదైన పసుపు ఛాయ ఉంటుంది, నీలంలో పసుపు కలిస్తే ఏమవుతుందో ఒకటో తరగతి పిల్లవాడు చెబుతాడు. గోళ్ళ రంగు ప్రయత్నించాను, అందులోనూ అసిటోన్ లాంటి ద్రావకాలే ఉంటాయని సీసా మీద చదివి చెంచా దగ్గరే ఆగిపోయాను. చివరికి నగల పనికి వాడే యూవీ రెసిన్ తెప్పించాను. నీరులాంటి స్వచ్ఛమైన రెసిన్, ఊదా దీపం కింద పెడితే గట్టిపడుతుంది.

అందులోనూ ఒక మెలిక ఉంది. రంగు పొడి ఎక్కువైతే దీపం వెలుగు లోపలికి దిగదు. పైన పెచ్చు కట్టి అడుగున జిడ్డుగా మిగులుతుంది. అందుకని తక్కువ పొడి, పలుచని పొరలు, ఒక్కో పొరకు మూడేసి నిమిషాలు. డచ్చివాళ్ళ డెల్ఫ్ట్ పింగాణీ నీలం అంటే కోబాల్టు నీలం. ఈ పిన్ను నీలం దానికి అనుకరణే, అయినా నా అల్ట్రామెరైన్ పొడి కంటే కాస్త గంభీరం. సూది మొన మీద నిలిచినంత నలుపు కలిపితే దగ్గరకొచ్చింది. మొత్తం పదకొండు చుక్కలు చెంచాల మీద. ట్యూబులైటు కింద ఏడో చుక్క సరిపోయింది, పగటి వెలుగులో తొమ్మిదోది. పెళ్ళి రిసెప్షన్ రాత్రి కాబట్టి ఏడోది వేయాలా అని కాసేపు ఆలోచించి సిగ్గుపడ్డాను. తొమ్మిదోదే వేశాను.

ఊడిన చోట కిలుమును వెదురు పుల్లతో, వెనిగర్ తడితో తీసి, కడిగి, ఆరబెట్టి, మూడు పొరలు నింపాను. గట్టు కంటే పల్లంగానే ఆపాలి. నిండుగా పోసి నున్నగా చేస్తే అందంగానే ఉంటుంది గానీ అది సాఫ్ట్ ఎనామిల్ పిన్నులో హార్డ్ ఎనామిల్ మచ్చ అవుతుంది. భూతద్దంతో చూస్తే పాత రంగుకూ కొత్త రంగుకూ మధ్య వెంట్రుకంత గీత తెలుస్తుంది. తెలియనీ. కోటు మీద పిన్నును భూతద్దంతో చూసే చుట్టం ఎవరైనా ఉంటే ఆయనకు వేరే చికిత్స కావాలి.

ఎనిమిదో రోజు

రెక్క అతుకు రాయిలా ఉంది. ముందు వైపు నుంచి కట్టు కనిపించదు, విరిగిన గీత మాత్రం సన్నగా కనిపిస్తుంది.

మేకు నంబరు ఒకటి: తీగను కాల్చకుండానే కొట్టాను. తల చదునవుతూ అంచున చీలింది. తీసేశాను.

మేకు నంబరు రెండు: తీగను గ్యాసు పొయ్యి మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచాను. ఇనుమును ఇలా చేస్తే బిరుసెక్కవచ్చు, ఇత్తడి మాత్రం మెత్తబడుతుంది. ఒక కొసను ముందే గుండ్రంగా కొట్టి తల చేసుకున్నాను. రెక్కలు, వాషరు, మేడ, ఈ వరసలో గుచ్చి, వెనక అర మిల్లీమీటరు మిగిలేలా కోసి, దాగలి బదులు ఇస్త్రీపెట్టె అడుగు మీద పెట్టి చిన్న సుత్తితో చుట్టూ తడుతూ వచ్చాను. ఒక్క గట్టి దెబ్బ కంటే నలభై చిన్న దెబ్బలు నయం.

ఇలా కొడితే రెక్కలు బిగుసుకుపోవా? అందుకు ఒక పాత చిట్కా ఉంది. కొట్టే ముందు రెక్కలకూ వాషరుకూ నడుమ కాగితం ముక్క చీల్చి పెట్టాలి. మామూలు రాత కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు. కొట్టడం అయ్యాక కాగితాన్ని తడిపి పీకేస్తే సరిగ్గా అంత సందు మిగులుతుంది. నేను పంచాంగం వెనక అట్ట ముందు ఉండే ఖాళీ కాగితం వాడాను. రాహుకాలం చూడలేదు.

పీకాను. ఊదాను. తిరిగింది. ముప్పై ఏళ్ళ తరువాత తిరిగింది. ఒక్కణ్ణే గదిలో పెద్దగా నవ్వాను. పక్క గదిలోంచి "ఏమయింది?" అని కేక వచ్చింది.

తొమ్మిదో రోజు

ఏమయిందో ఇవాళ తెలిసింది.

పొద్దున పిన్నును కిటికీ తెరకు గుచ్చి ఊదాను. తిరిగి ఆగింది. మళ్ళీ ఊదాను. అక్కడే ఆగింది. పదిసార్లు ఊదితే పదిసార్లూ అతుకు పడిన రెక్క కిందకు వచ్చి, నిట్టనిలువుకు కాస్త కుడి పక్కగా నిలబడింది. అంటే పై రెక్క పన్నెండు గంటల నుంచి పదకొండు వైపు ఒరిగినట్టు.

కట్టు బరువు. రేకు ఘనపరిమాణం 1.2 ఘన మిల్లీమీటర్లు, ఇత్తడి ఘన మిల్లీమీటరుకు ఎనిమిదిన్నర మిల్లీగ్రాములు. రేకు ఒక్కటే పది మిల్లీగ్రాములు, పైగా జిగురు. నాలుగు రెక్కలూ కలిపి 0.42 గ్రాములు తూగాయి, అంటే ఒక్కో రెక్క వంద మిల్లీగ్రాముల పైచిలుకు. దానికి పదో వంతు అదనం కట్టాను. ఒక బియ్యపు గింజలో సగమంత. గాలిమరకు అది గుర్తుంది. కట్టు వెడల్పు వైపు ఉండటం వల్ల బరువు దూలానికి ఒక పక్కన పడింది, అందుకే నిలువున కాక పది పదిహేను డిగ్రీలు ఒరిగి ఆగుతోంది.

మామూలుగా అయితే ఇది పట్టించుకునే విషయం కాదు. కానీ ఈ ఒరుగుడుకు అర్థం ఉంది, ఆ అర్థం నాకు చిన్నప్పుడు చెప్పింది బాబాయే. డచ్చి గాలిమర ఎదుట నిలబడి చూస్తే రెక్కలు గడియారానికి ఎదురు దిక్కున తిరుగుతాయి. పని లేనప్పుడు వాటిని ఏ స్థితిలో ఆపారన్నది ఊరికి ఒక కబురు. కాసేపటి విరామమైతే నిలువు, అడ్డం. చాలా రోజుల విరామమైతే ఇంటూ గుర్తులా. పెళ్ళి, పుట్టుక లాంటి సంతోషమైతే పైకి వస్తున్న రెక్కను శిఖరం చేరడానికి కాస్త ముందు ఆపుతారు, రాబోయేదానికి గుర్తుగా. చావయితే శిఖరం దాటి దిగడం మొదలయ్యాక ఆపుతారు. 2014 జులైలో మలేసియా విమానం ఎంహెచ్17 కూలి నెదర్లాండ్స్ దేశమంతా సంతాపం పాటించినప్పుడు గాలిమరలు అలాగే నిలిచాయి. రోటర్‌డామ్‌కు దగ్గరలోనే కిండర్‌డైక్ ఉంది. ఒకే చోట పంతొమ్మిది పాత గాలిమరలు, 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. బాబాయి ఓడ దిగి చూసొచ్చినవి అవే. ఈ కథ మాకు పది సార్లయినా చెప్పి ఉంటాడు, తువ్వాలు చేత్తో తిప్పి చూపిస్తూ.

ఎదురు దిక్కున తిరిగే మర, పదకొండు వైపు ఒరిగిన రెక్క. శిఖరం దాటింది. నేను బాగుచేసిన గాలిమర ప్రతిసారీ చావు కబురు చెబుతోంది. పెళ్ళివారింటికి, కోటు మీద.

సూది మీద తిప్పి చూడమన్నారు ఆచారి గారు. మేకు కొట్టాక తలుచుకున్నాను.

పదో రోజు

మేకు నంబరు రెండును ఆకురాయితో రాసి తీశాను. రాస్తున్నంతసేపూ నన్ను నేను తిట్టుకున్న మాటలు ఇక్కడ రాయను.

కుట్టు సూదిని రబ్బరు ముక్కకు అడ్డంగా గుచ్చి, దాని మీద రెక్కలు ఎక్కించాను. మొదటి ఆలోచన అతుకు రెక్క వెనక జిగురు కొంత గీకి బరువు తగ్గించడం. గీకితే తగ్గేది ఒకటి రెండు మిల్లీగ్రాములు, అతుకు బలం మాత్రం బాగా తగ్గుతుంది. రెండో ఆలోచన ఎదుటి రెక్క కొసకు టంకం చుక్కంత బరువు అంటించడం. బంకమట్టి రవ్వతో పెట్టి చూస్తే కిందకు లాగడం ఆగింది గానీ పక్కకు ఒరగడం పూర్తిగా పోలేదు. బరువు సరిపోతే చాలదు, అది ఉన్న చోటూ సరిపోవాలి. కారు చక్రానికి సీసం ముక్కలు అంటించేవాళ్ళకు ఇది రోజూ తెలిసిన సంగతే, నాకు మధ్యాహ్నం దాకా పట్టింది.

తెలిశాక పని చిన్నదే. ఎదుటి రెక్కకు కూడా అదే కొలత రేకు, ఇరుసు నుంచి అంతే దూరంలో, అటూ వెడల్పు వైపే, అంతే జిగురుతో. విరగని రెక్కకు కట్టు. దొంగ కట్టు అనండి. ఒక కాలు విరిగితే రెండు కాళ్ళకూ పిండికట్టు వేసిన వైద్యుడిలా ఉన్నాను.

పదకొండో రోజు

ఆరింది. సూది మీద తిప్పాను. ఒకసారి ఇంటూ గుర్తులా ఆగింది, ఒకసారి నిలువుగా, ఒకసారి ఒకటి వైపు, ఇంకోసారి పదకొండు వైపు. ఇరవైసార్లు తిప్పి కాగితం మీద గీతలు పెట్టాను. ఏ రెక్కా అలవాటుగా కిందకు రాలేదు. ఎక్కడ ఆగాలో ఇప్పుడు దాని ఇష్టం.

మేకు నంబరు మూడు. కాల్చిన తీగ, పంచాంగం కాగితం, నలభై దెబ్బలు. కాగితం పీకాక సందులో గడియారాల నూనె సూది మొనతో తాకించినంత. ఎక్కువైతే రెక్కల వెనక్కి పాకి దుమ్ము పడుతుంది.

వెనక బిళ్లకు బదులు మర తిప్పి బిగించే రకం కొన్నాను. ఇక పడిపోదు. పడినా నా చేతిలోంచి కాదు.

పన్నెండో రోజు, బుధవారం

ఇవ్వడానికి వెళ్ళాను. బాబాయి అరుగు మీద పేపరు చదువుతున్నాడు. డబ్బా తెరిచి, కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, పిన్నును ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఆ దూరంలో ఆయనకు ఇప్పటికీ అన్నీ కనిపిస్తాయి. నీలం మచ్చ మీద వేలు పెట్టాడు. విరిగిన గీత మీద వేలు పెట్టాడు. వెనక్కి తిప్పి రెండు కట్లూ చూశాడు.

"రెండు విరిగాయా?"

"ఒకటే. రెండోది తూకానికి."

"విరిగిందా, విరిచావా?"

"విరిచాను" అన్నాను. ఆ ఊపులోనే తొమ్మిదో తరగతి సంగతి కూడా చెప్పేశాను. బీరువా, జిగురు, అంతా.

"జిగురు వాసన నెల్లాళ్ళు పోలేదురా ఈ డబ్బాలోంచి" అన్నాడు పిన్ను మీంచి చూపు తిప్పకుండా.

కుడి పక్క నుంచి ఊదాడు. గిర్రున తిరిగింది, గడియారం తిరిగే దిక్కున. నేను గర్వంగా చూస్తున్నాను. ఆయన మొహం చిట్లించాడు.

"అక్కడ ఇటు తిరగవు" అని, పిన్నును మూతికి రెండో పక్కకు జరుపుకుని, ఎడమ రెక్క మీద పై నుంచి ఊదాడు.